ఘంటసాల భగవద్గీత వింటే ఎవరో పోయినట్టేనా?

ఐదో_అంతస్తు
మా నాన్న రోజూ పొద్దున్నే ఘంటసాల గారి భగవద్గీత పెట్టుకుని పేపరు చదివేవారు. ఆ అలవాటు నాకూ వచ్చింది. కొత్త అపార్టుమెంటులోకి మారాక మొన్న ఆదివారం స్పీకర్లో పెట్టాను. సౌండు పెద్దగా కూడా లేదు. కాసేపటికి ఎదురు ఫ్లాటు ఆంటీ తలుపు కొట్టి, కంగారుగా "ఏమైందమ్మా, ఎవరు?" అని అడిగింది. ఏమీ కాలేదండీ అంటే, "మరి అది పెట్టారేంటి, గుండె ఆగినంత పనైంది" అని కోప్పడి వెళ్లింది. సాయంత్రానికి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో "అశుభ సందర్భాల ఆడియోలు బయటికి వినపడేలా పెట్టవద్దు" అని మెసేజ్. భగవద్గీత అశుభమా? నాకైతే అది వినగానే కాఫీ వాసన, నాన్న కళ్లజోడు, పేపరు మడతపెట్టే చప్పుడు గుర్తొస్తాయి. చావు ఎప్పుడూ గుర్తురాలేదు. ఊరంతా కలిసి ఒక పాటకి ముద్ర వేసేశాక మన సొంత జ్ఞాపకానికి విలువ లేదా? మీకూ ఇలాంటివి ఎదురయ్యాయా?

కృష్ణలంక_కుర్రాడు
ఆంటీ తప్పేం లేదు. మా వీధిలో అది వినపడిందంటే ముందు చెప్పులేసుకుని బయటికొచ్చి ఏ ఇంటి ముందు టెంటు వేశారో చూస్తాం.

పాత_రేడియో
ముందు ఒక సంగతి. ఆయన దాన్ని చావు ఇళ్ల కోసం పాడలేదు. ఎంపిక చేసిన శ్లోకాలు, వాటికి తెలుగు తాత్పర్యం కలిపి చివరి రోజుల్లో పాడారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాక ఆ రికార్డు బయటికొచ్చింది. మా చిన్నప్పుడు రామాలయం మైకులో తెల్లారగానే వేసేవారు. అది వింటూ పళ్లు తోముకుని బడికి పోయాం. మా ఊళ్లో ఈ ముద్ర పడింది తర్వాతే. క్యాసెట్లు చవకై ఇంటింటికీ టేప్ రికార్డరు వచ్చాక చావు ఇళ్లలో పెట్టడం మొదలైంది, వైకుంఠ రథాలు వచ్చాక ఇక స్థిరపడిపోయింది.

సంస్కృతం_మాస్టారు
పాత_రేడియో గారితో ఏకీభవిస్తున్నాను. జనానికి రెండో అధ్యాయంలోని "జాతస్య హి ధ్రువో మృత్యుః" ఒక్కటే చెవిన పడింది. అదే అధ్యాయం మొదట్లో "క్లైబ్యం మా స్మ గమః పార్థ" అని ఉంది. కూలబడిపోయిన మనిషిని లేచి నిలబడి పని చేయమని చెప్పిన గ్రంథం అది. బతికున్నవాళ్లకి రోజూ పొద్దున వినిపించాల్సిన దాన్ని శవం పక్కన పెట్టి సరిపెట్టాం.

షామియానా_సౌండ్స్
మాస్టారూ, పోయినవాళ్ల కోసం ఎవరు పెడతారండీ? కూలబడ్డవాళ్ల కోసమే పెడతాం.

మాది టెంట్ హౌస్. ఫోన్ రాగానే మేం అడిగే మొదటి ప్రశ్న "శుభమా, అశుభమా". దాన్నిబట్టి షామియానా రంగు, కుర్చీల కవర్లు, పెన్‌డ్రైవ్ మారతాయి. బాక్సులు, యాంప్లిఫయర్ మాత్రం అవే. గీతకి నా దగ్గర విడిగా నల్ల పెన్‌డ్రైవ్ ఉంటుంది. అందులో ఇంకొక్క పాట కూడా ఎక్కించను. ఒక ఊళ్లో వేరే వాళ్ల సెట్టులో గీత అయిపోగానే తర్వాతి ఫైల్లో తీన్మార్ మొదలైంది. ఆ ఇంటి పెద్దకొడుకు మొహం నేను కళ్లారా చూశాను. అప్పటినుంచి ఈ జాగ్రత్త.

ఫ్రీజర్ బాక్స్ దింపుతుండగానే "గీత పెట్టు బాబూ" అంటారు. అప్పటిదాకా ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఏడుస్తుంటారు, ఎవరికి ఏం చేయాలో తోచదు. ఆ గొంతు మొదలవగానే అరుపులు కొంచెం తగ్గుతాయి. మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారు, ఎవరో ఒకరు మంచినీళ్లు తెమ్మంటారు, కబుర్లు చెప్పాల్సిన చోట్లకి ఫోన్లు మొదలవుతాయి. క్రిస్టియన్ల ఇళ్లలో ఈ పని కీర్తనలు చేస్తాయి, కాకపోతే అవి చర్చి వాళ్లే వచ్చి నోటితో పాడతారు. నేను ఈ పనిలో ఉన్నందుకు చెప్తున్నా, గీత పెట్టడం మొక్కుబడి కాదు. ఆ ఇంటికి అది కావాలి.

గుంటూరు_గోంగూర
నా పెళ్లికి వచ్చిన బాక్సులు ఆ రోజు పొద్దున ఎక్కడ మోగాయో అని ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

షామియానా_సౌండ్స్
కడిగి, పసుపునీళ్లు చల్లి, అగరొత్తి వెలిగించాకే పెళ్లికి పంపుతాం. నిశ్చింతగా ఉండండి.

నేల_టిక్కెట్టు
అదే ఘంటసాల, ఇంకో సంగతి. సినిమా హాల్లో తెర లేచే ముందు "నమో వేంకటేశా" వేసేవాళ్లు గుర్తుందా? జరీ కుచ్చుల తెర మెల్లమెల్లగా పైకి మడతలు పడుతూ పోయేది, కింద రంగు లైట్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మారేవి. పాట అయ్యేలోపు తెర పూర్తిగా పైకి పోవాలి, అదొక లెక్క. మా ఊరి టూరింగ్ టాకీసులో అయితే బయట మైకులో పెట్టేవాళ్లు. పొలం గట్టు మీద ఉండగా ఆ పాట వినపడితే ఆట మొదలవబోతోందని పరుగే పరుగు. ఇప్పుడు తిరుమల క్యూలో ఎక్కడైనా ఆ పాట వినపడ్డా నాకు ముందు గుర్తొచ్చేది బఠాణీల పొట్లమే. స్వామివారు ఆ తర్వాతే, ఏమీ అనుకోరని నా నమ్మకం. అంటే ఒకే గొంతు, ఒకే భక్తి. ఒకటి విని పరిగెత్తుకుంటూ పోతాం, ఇంకోటి విని ఆగిపోతాం. తేడా అంతా మనం దాన్ని ఎక్కడ విన్నాం అన్నదే.

పాత_రేడియో
దానికి చాలా దగ్గరగా నాది కూడా ఒకటి. ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే ముందు వచ్చే ట్యూన్. మాటల్లేవు. 1936లో వాల్టర్ కౌఫ్‌మన్ అని, హిట్లర్ కాలంలో యూరప్ వదిలి బొంబాయి వచ్చిన సంగీతకారుడు కట్టింది. శివరంజని ఛాయ ఉంటుంది. అది మోగితే మా అమ్మ పొయ్యి వెలిగించేది, నేను పదో తరగతి లెక్కల పుస్తకం తీసేవాణ్ణి. ఇప్పటికీ అది వింటే పరీక్ష ఉందేమో అని ఒళ్లు జలదరిస్తుంది.

మెదడుకు_మేత
నేల_టిక్కెట్టు అన్నది సరిగ్గా అదే. నేను సైకాలజీ పాఠాలు చెప్తాను, కాస్త వివరంగా రాస్తా.

కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో పీటర్ జనాటా అనే ఆయన 2009లో ఒక పరిశోధన ప్రచురించాడు. కొందరిని మెదడు స్కానర్లో పడుకోబెట్టి, వాళ్ల చిన్నప్పటి, కుర్రతనంలోని హిట్ పాటల ముక్కలు వినిపించారు. సొంత జ్ఞాపకం ఏదైనా తట్టినప్పుడు నుదుటి వెనక మధ్యభాగం చురుగ్గా అయింది. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే చోటు కూడా అదే. పాట, జ్ఞాపకం, "నేను" అన్న భావం అక్కడ కలుస్తున్నాయన్నది ఆయన మాట.

రెండోది. పెద్దయ్యాక వెనక్కి చూసుకుంటే మనకి ఎక్కువగా గుర్తొచ్చేవి పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు సంగతులు. మొదటిసారి జరిగేవన్నీ అప్పుడే కదా: హాస్టలు, ఉద్యోగం, ప్రేమ, పెళ్లి. అందుకే అప్పటి పాటలు గట్టిగా అంటుకుంటాయి.

మూడోది ఐదో_అంతస్తు ప్రశ్నకి. ఒక పాటని ఒకే రకం సందర్భంలో వింటే ఆ సందర్భానికే కట్టుబడిపోతుంది. పది చోట్ల విన్న పాట ఏ ఒక్కదాన్నీ గట్టిగా పట్టుకోదు. ఆంటీ గీతని ఒక్క చోటే విని ఉంటారు. మీరు వంద పొద్దుళ్లలో విన్నారు. ఇద్దరి మెదళ్లూ సరిగ్గానే పనిచేస్తున్నాయి.

నైట్_షిఫ్ట్
ఇష్టమైన పాటని అలారం పెట్టుకున్న వాళ్లందరి బాధా ఇదేనా మేతగారూ? నాకు ప్రాణమైన పాట ఒకటుండేది. ఇప్పుడు పక్కబల్ల మీద ఎవరి ఫోన్లో మోగినా లేచి క్యాబ్ ఎక్కాలనిపిస్తుంది.

మెదడుకు_మేత
అదే. వెంటనే అలారం మార్చండి, ఆ పాట కొన్నాళ్లు ముట్టుకోకండి, తర్వాత మనుషులతో కలిసి వినండి.

పేరు_వద్దు
రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. మా పెళ్లి వీడియో "సీతారాముల కల్యాణం చూతము రారండి"తో మొదలవుతుంది. 1961 నాటి సినిమా పాట, సుశీల గారి గొంతు. రోజాపూల రేకుల మధ్య నుంచి మా ఇద్దరి ఫోటోలు గుండ్రంగా తిరుగుతూ వస్తాయి. ఆ పెళ్లి నిలవలేదు. విడాకుల కాగితాలు వచ్చాయి, నగలు పంచుకోవడం అయింది, ఆయన నంబరు తీసేశాను. ఆ పాటని మాత్రం ఏ కోర్టూ విడదీయదు కదా. శ్రీరామనవమికి ప్రతి పందిట్లో అదే, చుట్టాల పెళ్లిళ్లలో అదే. నాకు పాట మీద కోపం లేదు. కానీ అక్కడ నిలబడలేను. పానకం కూడా తీసుకోకుండా వచ్చేస్తాను, అందరూ ఏమైందని అడుగుతారు.

కృష్ణలంక_కుర్రాడు
పాటదేముంది మేడమ్, పట్టించుకోకపోతే సరి.

సన్నాయి_ఇంటి_కోడలు
తమ్ముడూ, అంత తేలిగ్గా పోయేదైతే ఆమె ఇంత రాసేదా?

పేరు_వద్దు గారూ, మా మామగారిది సన్నాయి మేళం. ఆయన పెళ్లిళ్లలో ఏ రాగం ఎప్పుడు వాయించాలో చాలా పట్టింపుగా ఉండేవారు. పెళ్లి పందిట్లో ముఖారి జోలికి పోరు, అది దుఃఖానికి. జోలకి నీలాంబరి, తెల్లవారుజామున భూపాలం, చివర్లో మధ్యమావతి. ఆహిరి అయితే ఇంట్లో సాధన చేయాలన్నా భయమే, అది పాడితే ఆ పూట అన్నం దొరకదని సంగీతం తెలిసినవాళ్లంతా చెప్పుకునే మాట. చిన్నప్పుడు మా వారు కావాలనే ఆహిరి వాయించి, మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అన్నం వస్తుందా రాదా అని చూసేవారట. వచ్చేది. అయినా మామగారు మాత్రం మానలేదు. "నీకు నమ్మకం లేకపోవచ్చురా, వినేవాడికి ఉంటుంది" అనేవారు. ఆ మాట నాకు ఐదో_అంతస్తు గారి విషయంలో కూడా సరిగ్గా అనిపిస్తోంది.

మూడుముళ్లప్పుడు పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అనగానే డోలు, సన్నాయి ఒక్కసారిగా ఎత్తుకుంటాయి. ఎవరి తుమ్ము, ఎవరి ఏడుపు ఆ క్షణంలో వినపడకూడదని. గట్టిమేళానికి పాట అంటూ ఉండదు, ఉత్త హోరు. మీకు కష్టంగా ఉన్న పెళ్లిళ్లలో ముహూర్తం టైముకి వెళ్లి, గట్టిమేళం అయ్యాక అక్షింతలు వేసి వచ్చేయండి. వీడియో పాటలు, స్టేజీ పాటలు అన్నీ దానికి ముందూ వెనకే.

పేరు_వద్దు
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. వచ్చే ముహూర్తానికి అలాగే చేస్తాను అక్కా.

ఓయూ_పాత_విద్యార్థి
ఊరంతా కలిసి ముద్ర వేయడం అన్నిసార్లూ చెడ్డది కాదు. 2011లో గద్దర్ "పొడుస్తున్న పొద్దు మీద" పాట వచ్చినప్పుడు మేం క్యాంపస్‌లో ఉన్నం. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎవరో ఒకరు ఎత్తుకుంటే మిగతా వందమంది అందుకునేది. గొంతు బాగుందా లేదా అని ఎవరూ చూడలె. 2014 జూన్ 2 రాత్రి కూడా అదే పాడుకున్నం. 2023 ఆగస్టులో గద్దరన్న పోయిన రోజు ఆ పాట పెడితే నాకు మెట్లు యాదికొచ్చినయి, పక్కన నిలబడి పాడిన దోస్తులు యాదికొచ్చిండ్రు. అది నా ఒక్కడి జ్ఞాపకమైతే అంత బలం ఉండేది కాదు.

రాయలసీమ_రాగిముద్ద
అదే పాట మాకు ఇంకో రకంగా వినపడింది అప్పట్లో. ట్యూన్‌కి మాత్రం ఎవరైనా ఊగాల్సిందే.

వేదిక_నిర్వాహకుడు
రాష్ట్రాల చర్చ ఇక్కడితో ఆపుదాం. పాటల మీదే ఉండండి.

కాకినాడ_కాజా
మా అమ్మమ్మకి మతిమరుపు జబ్బు. నన్ను మా అమ్మ అనుకుంటుంది, మా అమ్మని ఎవరో పనిమనిషి అనుకుంటుంది. నాకు పాప పుట్టాక ఒడిలో పెడితే అందరం భయపడ్డాం, ఎక్కడ వదిలేస్తుందో అని. అన్నమయ్య "జో అచ్యుతానంద" మొదలుపెట్టింది. చరణాలు ఒక్కటి తప్పలేదు. పాడుతూ పాడుతూ ఎడమ మోకాలు లయకి సరిగ్గా ఊపుతోంది, కుడిచేయి పాప తల కింద. ఆ చేతులకి అంతా గుర్తుంది. పాట అవగానే "ఎవరి పిల్ల?" అని అడిగింది.

మెదడుకు_మేత
పాటల జ్ఞాపకాలు దాచుకునే భాగాలు అల్జీమర్స్‌లో మిగతావాటికంటే ఆలస్యంగా దెబ్బతింటాయని జర్మనీలో జరిగిన పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. అమ్మమ్మగారితో రోజూ పాడించండి, రికార్డు చేసి పెట్టుకోండి.

బాలు_వీరాభిమాని
2020 సెప్టెంబరు 25 తర్వాత నాకు బాలు గారి హుషారు పాటలు కూడా ఏడుపు తెప్పించాయి. కరోనా రోజులు, ఇల్లు కదలాలంటే భయం, టీవీలో ఆయన నవ్వుతూ పాడుతున్నారు. ఒక మనిషి పోతే పాత పాటలన్నిటి రంగూ ఒక్కరోజులో మారిపోతుందని అప్పుడే తెలిసింది. మెల్లగా మళ్లీ హుషారు వచ్చింది లెండి, మా బావమరిది పెళ్లి సంగీత్‌లో అందరం కలిసి డాన్స్ చేశాక.

డల్లాస్_బతుకమ్మ
మా పాప ఇక్కడే పుట్టింది. తెలుగు మాట్లాడమంటే తడబడుతుంది, "ఒక్కేసి పువ్వేసి చందమామ" మాత్రం గడగడా పాడుతుంది. ఇక్కడ తంగేడు దొరకదు, చామంతులతో పేరుస్తాం. అది మా అమ్మ చుట్టూ తిరిగి నేను నేర్చుకున్న పాట. పాపకి ఇందులో సొంత జ్ఞాపకం ఏముంటుంది, నా జ్ఞాపకాన్ని దాని మీద రుద్దుతున్నానా అని ఒక్కోసారి అనిపిస్తుంది.

మెదడుకు_మేత
రుద్దడం కాదు. కార్నెల్ యూనివర్సిటీకి చెందిన కెరోల్ క్రుమ్‌హాన్స్‌ల్, జస్టిన్ జుప్నిక్‌తో కలిసి 2013లో తేల్చింది ఇదే. ఇరవై ఏళ్ల పిల్లలకి వరసగా కొన్ని దశాబ్దాల హిట్ పాటలు వినిపిస్తే, వాళ్లు పుట్టకముందు, వాళ్ల అమ్మానాన్నల కుర్రతనంలో వచ్చిన పాటలకి కూడా జ్ఞాపకాలు బలంగా వచ్చాయి. 60ల నాటి పాటల దగ్గర కూడా ఆ జాడ కనిపించింది. ఇంట్లో పెద్దవాళ్లు పెట్టిన పాటలు పిల్లల సొంతం అవుతాయి.

ఐదో_అంతస్తు
ఇదంతా చదివాక ఆంటీతో మాట్లాడాను. ఆవిడ భర్త పోయినప్పుడు కొడుకు అమెరికా నుంచి వచ్చేదాకా శవాన్ని ఉంచారట. ఆ రెండు రోజులూ అదే మోగుతూనే ఉందట. "ఆపమని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు" అంది. మా హాలు గోడ ఆవిడ గదికి ఆనుకునే ఉంది. ఇక నుంచి ఇయర్‌ఫోన్స్‌లో వింటానని చెప్పి వచ్చాను.

పాత_రేడియో
తొందరపడి మాటిచ్చారు. మీ నాన్నగారు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినుంటే ఆ కాఫీ వాసన మీకు దక్కేదా? మీ పిల్లలకి ఏం మిగులుతుంది?

సంస్కృతం_మాస్టారు
పక్కమనిషిని బాధపెట్టి గీత వినమని గీతలో లేదు. ఐదో_అంతస్తు చేసిందే సరి.

షామియానా_సౌండ్స్
గోడ మార్చండి, చాలు. చిన్న స్పీకరు వంటింట్లో పెట్టండి, మూతి కిటికీ వైపు కాకుండా లోపలికి తిప్పండి. బాస్ తగ్గించండి, గోడల్లోంచి పోయేది బాసే. పిల్లలు వింటారు, ఆవిడకి వినపడదు.

ఐదో_అంతస్తు
వంటింట్లో పెట్టి చూశాను. మా ఆవిడని ఎదురింటికి పంపి వినమన్నాను, ఏమీ రావడం లేదంది. గ్రూపులో మెసేజ్ పెట్టినాయనకి మాత్రం "అశుభం" అన్న మాట తీసేయమని అడిగాను. ఇంకా జవాబు లేదు.

పేరు_వద్దు
చాలా రోజుల తర్వాత ఇటు వచ్చాను. మేతగారు పది చోట్ల విన్న పాట అన్నారే, అది మా ఇంట్లో అనుకోకుండా జరుగుతోంది. మా అన్న కూతురు స్కూల్ యాన్యువల్ డేకి ఆ పాటకే డాన్స్ నేర్చుకుంటోంది, సీత వేషం. రోజూ సాయంత్రం హాల్లో రిహార్సల్. మొదట్లో గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. దండ వేసే చోట దానికి ఎప్పుడూ ఎడమకాలు ముందు పడుతోంది, రాముడు పిల్లాడు రానప్పుడు నన్ను నిలబెట్టి నా మెడలో వేస్తోంది. ఇప్పుడు పాట మొదలైతే ముందు ఆ ఎడమకాలే కళ్లముందుకి వస్తోంది. వీడియో కూడా వస్తోంది, కానీ దాని వెనకాల.

సన్నాయి_ఇంటి_కోడలు
ఆ కాలు సరిచేయకుండా ఉండమని చెప్పాలనుంది. హాయిగా ఉంది చదువుతుంటే.

గోదారి_అన్నయ్య
ఇక్కడే అడిగేస్తా. వచ్చే నెల మా చెల్లి పెళ్లి. అప్పగింతలప్పుడు డీజే అతను ఏడుపు పాట ఒకటి పెడతానంటున్నాడు, డ్రోన్ షాట్‌కి బాగుంటుందట. ఏ పాట చెప్పమంటారు?

సన్నాయి_ఇంటి_కోడలు
ఏదీ వద్దు. ఆ అమ్మాయికి ఏడుపు ఎలాగూ వస్తుంది, దానికి పాట తగిలించకండి. సన్నాయి ఉంటే సన్నాయి. లేదంటే మీ ఇంట్లో అప్పగింతల పాట వచ్చిన పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆమె చేత పాడించండి.

బాలు_వీరాభిమాని
నేను ఒప్పుకోను. మా అక్క పెళ్లికి మంచి పాట పెట్టాం, ఇప్పటికీ ఆ వీడియో పెట్టుకుని మురిసిపోతుంది. పెళ్లికూతుర్నే అడగండి.

గోదారి_అన్నయ్య
చెల్లిని అడిగాను. మైకు వద్దు, మా మేనత్త పాడితే చాలంది. అత్తకి నాలుగు చరణాలు వచ్చు, మిగతావి మా నాయనమ్మ పాత నోట్సులో ఉన్నాయట, వెతుకుతున్నాం. డీజే అతను ఆ అరగంట బాక్సులు ఆపుతాడా అనేదే అనుమానం.

షామియానా_సౌండ్స్
నోటిమాటగా చెప్తే ఆపరు. టైము కాగితం మీద రాసి, బుకింగ్ తీసుకున్న ఓనరుకి కాకుండా ఆ రోజు మిక్సర్ దగ్గర కూర్చునే కుర్రాడికి ఇవ్వండి. వాడికి ముందే టిఫిన్ పెట్టించండి.